డోరియన్‌లో బాణీ కడుతున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు పంపిన ట్యూన్ విన్నాను. డోరియన్ అనే పాశ్చాత్య మోడ్‌లో (స్వరాల వరసలో) కట్టానన్నావు. స్వరాలు డోరియన్‌వే గానీ, వినిపిస్తున్నది మాత్రం సి మేజర్.

కీబోర్డు మీద డి నుంచి డి దాకా తెల్ల మెట్లు వాయిస్తే డోరియన్ అన్న మాట నిజమే. అవే మెట్లు ఇ నుంచి మొదలెడితే ఫ్రిజియన్, జి నుంచి మిక్సోలిడియన్. ఏడు స్వరాలూ అవే, షడ్జం, అంటే ఆధార స్వరం 'స', చోటు మారిందంతే. మనవాళ్ళు దీన్ని గ్రహభేదం అంటారు. కాబట్టి షడ్జం డి అని వినేవాళ్ళని నమ్మించే పూచీ నీదే. నీ పల్లవిలో రెండు పాదాలూ సి మీదే ఆగాయి. పైగా వెనకాల జి కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం) తర్వాత సి కార్డు పెట్టావు. ఇక చెవి డి దగ్గరికి ఎందుకొస్తుంది?

కార్డులన్నీ తీసెయ్. ఫోన్లో తంబురా యాప్ ఉందిగా, డి శ్రుతి పెట్టుకుని గొంతుతో పాడు. కీబోర్డు ముట్టుకోకు, వేళ్ళు అలవాటైన చోటికే పోతాయి. పాదం చివర డి మీదో, పంచమం ఎ మీదో ఆగు.

ఇప్పుడు అసలు సంగతి. డి మైనర్‌కీ డోరియన్‌కీ తేడా ఒక్క ధైవతమే (ద). మైనర్‌లో, అంటే మన నఠభైరవి రాగంలో, అది శుద్ధ ధైవతం. డోరియన్‌లో దానికి అర స్వరం పైనున్న చతుశ్రుతి ధైవతం, తెల్ల మెట్టు బి. నీ ట్యూన్ స నుంచి ప లోపలే తిరిగితే ఏ మోడో ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ బి మొదటి పాదంలోనే రావాలి, అదీ దీర్ఘంగా నిలబడాలి. తర్వాత కార్డులు కావాలంటే డి మైనర్, జి మేజర్ రెండే చాలు. జి మేజర్‌లో ఆ బి ఎలాగూ ఉంది. మిగతా మోడ్‌లకీ ఇదే పద్ధతి, దేని గుర్తింపు స్వరం దానికి వినిపించాలి: ఫ్రిజియన్‌కి శుద్ధ రిషభం, లిడియన్‌కి ప్రతి మధ్యమం, మిక్సోలిడియన్‌కి కైశికి నిషాదం. లోక్రియన్ జోలికి ఇప్పుడే పోకు. దానికి శుద్ధ పంచమం లేదు, మన 72 మేళకర్తల్లో (ఏడు స్వరాల మూల రాగాల్లో) చోటూ లేదు.

ఇవి 22వ మేళకర్త ఖరహరప్రియ స్వరాలే కదా అంటావేమో. స్వరాలవరకు అవును. గాంధార నిషాదాలకు గమకం, అంటే స్వరాన్ని ఊపడం, లేకుండా ఖరహరప్రియ ఎక్కడిది? నువ్వు కార్డులతో కడుతున్నావు కాబట్టి గాంధారం నిటారుగా ఉండనీ. కింద కార్డులో ఎఫ్ కదలకుండా మోగుతుంటే పైన దాన్ని ఊపడం నాకైతే వినసొంపుగా ఉండదు.

1959లో అమెరికన్ జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ రికార్డు చేసిన 'సో వాట్' విను. 32 బార్లలో (తాళం ఆవృత్తాల్లాంటివి) మొదటి 16 డి డోరియన్, తర్వాత 8 అర స్వరం పైన ఇ ఫ్లాట్ డోరియన్, చివరి 8 మళ్ళీ డి. చరణంలో కొత్తదనం కోసం కార్డుల మీద కార్డులు పేర్చే బదులు, నువ్వూ షడ్జాన్నే అలా జరిపి చూడొచ్చు. ముందు పల్లవి కుదరనీ. ఈసారి శ్రుతి, నీ గొంతు మాత్రమే రికార్డు చేసి పంపు.

మీ మావయ్య