నీలికళ్ల పిల్లి ఏ జాతిది?

ప్రశ్న: మేము కావలిలో ఉంటాము. రెండు నెలలుగా మా పెరట్లోకి ఒక ఆడ పిల్లి వస్తున్నది. జువ్వలదిన్నె వైపు నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆమె మా వాకిట్లో బుట్ట దించే వేళకు సరిగ్గా గోడ దూకుతుంది. ఒళ్లంతా మీగడ రంగు. ముఖం, చెవులు, పాదాలు, తోక మాత్రం మసి పూసినట్టుగా ఉంటాయి. కళ్లు నీలం, కాస్త మెల్ల కూడా ఉన్నది. తోక కొస వంకర. రాత్రి టార్చి వేస్తే మిగిలిన పిల్లుల కళ్లలాగా పచ్చగా కాక ఎర్రగా మెరుస్తాయి. ఎడమ డొక్క మీద అరచేయంత మేర, గీత గీసినట్టు నలుచదరంగా, ఒక ముదురు మచ్చ ఉన్నది. ఇది సయామీ జాతి పిల్లి అనీ, ఇరవై వేలు పలుకుతుందనీ పక్కింటివారు అంటున్నారు. చెన్నైలో ఉన్న మా మరిది తనకిస్తే పెంచుకుంటానంటున్నాడు. నిజంగా ఇది ఏ జాతిది?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ పెరటి పిల్లికి ఉన్నది సయామీ రంగు, అంటే సయాం (నేటి థాయ్‌లాండ్) పిల్లుల రంగు. అంతమాత్రాన దాన్ని సయామీ జాతి పిల్లి అనడానికి లేదు. ఈ తేడా ఇతరులకంటే మీ ప్రాంతంవారికి చెప్పడం సులభం. నెల్లూరు గొర్రెల్లో తెల్లగా ఉండేదాన్ని పల్ల అనీ, తెల్లని ఒంటి మీద మూతికీ కళ్లకూ నల్లమచ్చలున్నదాన్ని జోడిపి అనీ, ఎర్రగోధుమ రంగుదాన్ని దొర అనీ అంటారు. మూడు రంగులైనా జాతి ఒక్కటే. అలాగే తెల్లగా, మూపురంతో ఉన్న ప్రతి ఎద్దునూ ఒంగోలు ఎద్దని ఏ రైతూ ఒప్పుకోడు; తల్లి ఎవరిది, ఏ ఆబోతుకు పుట్టింది అని అడుగుతాడు. జాతి అంటే తరతరాలుగా మనిషి ఎంచి, జతకట్టించి, నిలబెట్టుకున్న వంశం. పిల్లుల్లో అలాంటి వంశావళి రాసిపెట్టడం పందొమ్మిదవ శతాబ్దం చివరిలో గానీ మొదలు కాలేదు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో పేరుపొందిన తొలి పిల్లుల ప్రదర్శన జరిగింది 1871లో. సయామీ పిల్లుల జంట ఒకటి బ్యాంకాక్‌లోని బ్రిటిష్ దౌత్యాధికారి ద్వారా ఇంగ్లండ్ చేరింది 1884లో. మన వీధుల్లో తిరిగే పిల్లుల్లో దాదాపు అన్నీ ఏ జాతికీ చెందని నాటు పిల్లులే, అందులో చిన్నతనమేమీ లేదు.

మరి ఈ రంగు ఎక్కడిది? వెంట్రుకకు నలుపునిచ్చే పదార్థం తయారు కావడానికి ఒంట్లో ఒక ఎంజైము పనిచేయాలి. ఈ పిల్లుల్లో ఒక జన్యుమార్పు వల్ల ఆ ఎంజైముకు వేడి పడదు. పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది కనుక నడుము మీద, పొట్ట మీద అది పనిచేయదు. కాస్త చల్లగా ఉండే చెవులు, ముక్కు, పాదాలు, తోక దగ్గర మాత్రమే పనిచేసి నలుపునిస్తుంది. తల్లి కడుపులో అంతటా వెచ్చగానే ఉంటుంది గనుక ఈ కూనలు పుట్టినప్పుడు తెల్లగానే ఉండి, తర్వాత కొన్ని వారాలకు మసి పట్టినట్టు ముదురుతాయి. రోహిణి కార్తె ఎండల్లో మొలిచిన వెంట్రుకకంటే ధనుర్మాసపు చలిలో మొలిచిన వెంట్రుక నల్లగా ఉండడం కూడా ఇందువల్లనే. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఈ జన్యువు అందితేనే రంగు బయటపడుతుంది. ఒక్క వైపు నుంచే అందిన పిల్లి మామూలు చారల పిల్లిలాగానో, నల్ల పిల్లిలాగానో తిరుగుతుంది. అలాంటి రెండు కలిసినప్పుడు పుట్టే ప్రతి కూనకూ ఈ రంగు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అంటే ఎన్నో తరాల కిందట ఊళ్లోకి వచ్చిన ఏదో పెంపుడు పిల్లి తాలూకు గుర్తు, ఇన్నాళ్లూ కనపడకుండా ఉండి, ఇప్పుడు మీ గోడ మీద కనిపించవచ్చు.

కళ్ల సంగతి కూడా ఇందులోనిదే. ఆ జన్యువు వల్లనే కంటిలో రంగు పదార్థం తక్కువై నీలంగా కనిపిస్తుంది. టార్చి వెలుగుకు లోపలి రక్తనాళాల ఎరుపు బయటపడుతుంది. కంటి నుంచి మెదడుకు పోయే నరాలు కొన్ని దారి తప్పి కలవడం వల్ల మెల్ల వస్తుంది. అది జబ్బు కాదు, మందు అక్కరలేదు. తోక వంకర మాత్రం వేరే సంగతి. ఆగ్నేయాసియా పిల్లుల్లో అది మామూలు, కానీ గేటు సందులో పడి తోక విరిగిన పిల్లికీ వంకర ఉంటుంది, కాబట్టి దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను. ఈనాటి ప్రదర్శనల సయామీ పిల్లి తల మూడు మూలలుగా, చెవులు తలకు మించి పెద్దవిగా, ఒళ్లు తాడులా సన్నగా ఉంటుంది. మీ పిల్లి ముఖం గుండ్రంగా, మెడ పొట్టిగా ఉంటే ఇక ఆ మాట వదిలేయవచ్చు. అడవిపిల్లి అని ఎవరైనా భయపెట్టినా నమ్మకండి, దానికి నీలికళ్లు ఉండవు, తోక పొట్టిగా నల్లటి పట్టీలతో ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది మీరు చివరగా, ఏదో మాటవరసకు రాసిన ఆ నలుచదరపు మచ్చ. ఆ చోట వెంట్రుక గొరిగితే చర్మం చల్లబడుతుంది, చల్లబడితే ఇందాక చెప్పిన ఎంజైము మేలుకుంటుంది, కొత్తగా మొలిచే వెంట్రుక ముదురుగా వస్తుంది. గాయమైనా ఇదే జరుగుతుంది గానీ గాయానికి గీత గీసినట్టు అంచులుండవు. ఆడ పిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌ను నాబోటి పశువైద్యులు చాలామంది డొక్క వైపు నుంచి, ఎక్కువగా ఎడమ డొక్క నుంచే చేస్తారు. ఈ మధ్యనే ఎవరో మీ పిల్లిని పట్టుకుపోయి, డబ్బు పెట్టి, ఆపరేషన్ చేయించారని నా అనుమానం. అంటే అది దిక్కులేని పిల్లి కాకపోవచ్చు. ఒక ఇంట్లో పాలబువ్వ తిని మీ ఇంటికి చేప తలకాయ కోసం వస్తూ ఉండవచ్చు. పిల్లులకు ఇది కొత్త విద్య కాదు.

కనుక ఇరవై వేల లెక్క పక్కన పెట్టి, మీ మరిదిని కొన్నాళ్లు ఆగమనండి. పలుచని కాగితపు పట్టీ మీద "ఈ పిల్లి మీదేనా?" అని మీ ఫోన్ నంబరుతో రాసి, రెండు వేళ్లు దూరేంత వదులుగా దాని మెడకు చుట్టి, కొసలు అంటించండి. తాడు వాడవద్దు, కొమ్మకు తగులుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, కాగితమైతే చిరిగిపోతుంది. మీ ఊరి పశువైద్యశాలలోనూ ఒకసారి విచారించండి, ఇలాంటి రంగు పిల్లిని వారు మరచిపోరు. ఆ మచ్చ వెంట్రుకలు రాలి కొత్తవి వచ్చేసరికి చెరిగిపోతుంది కాబట్టి ఇప్పుడే ఫొటో తీసి దాచుకుని, పిల్లి మాదేనంటూ ఎవరైనా వస్తే, ఫొటో చూపించక ముందే ఆపరేషన్ ఏ డొక్కకు జరిగిందో అడగండి.