చైనా యాత్రకు అప్పూ వద్దు, అక్టోబరూ వద్దు

ప్రశ్న: మాది విశాఖపట్నం. నేనూ నా భార్యా ఉద్యోగస్తులం. ఇద్దరి జీతం కలిపి నెలకు 1,15,000 చేతికొస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ 31,000, సిప్ 10,000, ఇంటి ఖర్చులు పోను 28,000 దాకా మిగులుతుంది. ఎఫ్‌డీలో 4.5 లక్షలున్నాయి. మార్చిలో 1.2 లక్షల బోనస్ వస్తుంది. మా అమ్మకు 66 ఏళ్లు, హిస్టరీ టీచరుగా రిటైరయ్యారు. చైనా గోడ చూడాలని ఎప్పటినుంచో ఆవిడ కోరిక. అక్టోబరు మొదటి వారంలో బీజింగ్, షియాన్, షాంఘై పది రోజుల ప్యాకేజీకి ఏజెంటు మనిషికి 1.9 లక్షలు అడుగుతున్నాడు. 14 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ కూడా ఇప్పిస్తానంటున్నాడు. లోన్ తీసుకోమంటారా, ఎఫ్‌డీ తీసెయ్యమంటారా?

జవాబు: రెండూ వద్దు. అమ్మగారిని మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి, వచ్చే ఏప్రిల్‌లో.

ముందు లోన్ సంగతి చూద్దాం. 5.7 లక్షలకు నెలకు సుమారు 27,400 ఈఎంఐ పడుతుంది. వడ్డీయే 87,000 దాకా అవుతుంది. అంటే మీకు మిగిలే 28,000 రెండేళ్లపాటు దానికే సరి. ఇక ఎఫ్‌డీ. ఈఎంఐతో కలిపి మీ ఇంటి ఖర్చు నెలకు 77,000. ఆ 4.5 లక్షలు మీకు ఆరు నెలల ఖర్చు. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయినా, అమ్మగారికి ఒంట్లో బాగోకపోయినా చేతిలో ఉండే డబ్బు అదొక్కటే. దాన్ని ముట్టుకోకండి.

అక్టోబరు ఎందుకు వద్దంటే, అక్టోబరు 1 చైనా జాతీయ దినోత్సవం. ఆ వారమంతా అక్కడ సెలవులు, దేశం దేశమే ప్రయాణంలో ఉంటుంది. హోటల్ రేట్లు పెరుగుతాయి, రైలు టికెట్లు దొరకవు, గోడ మీద నడవడానికి చోటుండదు. ఆ వారాన్నే ఏజెంటు ఎందుకు అమ్ముతున్నాడో నాకైతే అర్థం కాలేదు. ఏప్రిల్‌లో కూడా మొదటి వారంలో వాళ్ల చింగ్‌మింగ్ పండగ, మే 1న మళ్లీ సెలవులు. ఈ రెండింటికీ మధ్యలో వెళ్లండి.

మీకు మిగిలే 28,000తో ఈ నెలే ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) మొదలుపెడితే మార్చికి 12 వాయిదాల్లో 3,36,000 అవుతుంది. బోనస్ కలిపితే 4.56 లక్షలు. అది సరిపోతుందా అంటారా? యువాన్‌కు (చైనా కరెన్సీ) 13 రూపాయలు వేసుకుని లెక్క కట్టాను. విమానం మనిషికి 50,000 చొప్పున 1.5 లక్షలు. తొమ్మిది రాత్రులు రెండు గదులకు, గది 450 యువాన్ల చొప్పున, 1,05,000. బీజింగ్ నుంచి షియాన్, అక్కణ్నుంచి షాంఘై బుల్లెట్ రైలుకు మనిషికి 1,200 యువాన్ల దాకా, ముగ్గురికి 47,000. తిండికి 58,000. వీసా, ఇన్సూరెన్సు, లోకల్ తిరుగుడు కలిపి 40,000. చారిత్రక కట్టడాల టికెట్లే అన్నిటికన్నా చవక. బీజింగ్‌లో పాత రాజుల కోట ఫర్బిడెన్ సిటీ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 60 యువాన్లు, షియాన్ దగ్గర టెర్రకోట సైన్యం (మట్టి సైనికుల బొమ్మలు) 120. అన్నీ కలిపినా ముగ్గురికి 18,000 దాటదు. మొత్తం 4.2 లక్షలు. ఇంకా 36,000 చేతిలో ఉంటాయి. వాటిని మిగులు అనుకోకండి, విమానం ధర కాస్త అటూ ఇటూ అయితే అక్కడికే పోతాయి.

ప్యాకేజీయే కావాలనుకుంటే షాపింగ్ కోసం ఎన్నిచోట్ల ఆపుతారో ముందే అడగండి. పట్టు దుకాణం, టీ దుకాణం, పచ్చరాయి దుకాణం తిప్పి సగం రోజు తినేస్తారు. 2026 ఏప్రిల్ నుంచి విదేశీ ప్యాకేజీల మీద 2 శాతం టీసీఎస్ (ఏజెంటు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) ఉంటుంది. అది రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటవుతుంది, టెన్షన్ పడక్కర్లేదు. టికెట్లూ హోటళ్లూ మీరే విడివిడిగా బుక్ చేసుకుంటే ఆ గొడవే లేదు.

యూట్యూబ్‌లో ‘చైనాకు వీసా అక్కర్లేదు’, ‘240 గంటలు ఫ్రీ’ అని చెప్పేవి మన పాస్‌పోర్టుకు వర్తించవు. మనకు వీసా కావాల్సిందే. అది చేతికొచ్చేదాకా క్యాన్సిల్ చేసుకునే వీలున్న బుకింగ్సే చేయండి. మధ్యలో హాంకాంగ్ వెళ్లి మళ్లీ చైనాలోకి రావాలనుకుంటే ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసా పనికిరాదు.

అమ్మగారి కోసం గోడ చూడటానికి బాదాలింగ్ భాగానికి కాకుండా ముతియాన్యు భాగానికి వెళ్లండి. జనం తక్కువ. కేబుల్ కారు నేరుగా 14వ బురుజు దగ్గర దింపుతుంది. ప్రవేశ టికెట్ 40 యువాన్లయితే కేబుల్ కారు రానూపోనూ దానికి మూడింతలు పైనే. ఇక్కడ మాత్రం పీనాసితనం చేయకండి. ఫర్బిడెన్ సిటీకి దక్షిణ ద్వారంలో వెళ్లి ఉత్తరాన బయటికి రావాలి, నడక చాలా ఉంటుంది. సోమవారం మూసేస్తారు. టికెట్లు ఏడు రోజుల ముందే తెరుస్తారు, పాస్‌పోర్టు నంబరుతో బుక్ చేయాలి. 60 దాటిన వాళ్లకు చాలాచోట్ల రాయితీ ఉంటుంది, పాస్‌పోర్టు చూపించి అడగండి.

డబ్బు కట్టడం దగ్గర చాలామంది దొరికిపోతారు. అక్కడ ఫోన్‌పే, గూగుల్ పే నడవవు. నూడుల్స్ బండి దగ్గరా క్యూఆర్ కోడే, కానీ అది అక్కడి చెల్లింపు యాప్‌లు అలీపేది, వీచాట్‌ది. వాటికి మన వీసా, మాస్టర్ కార్డులు జోడించుకోవచ్చు. 200 యువాన్ల లోపు చెల్లింపుకు ఫీజు లేదు, దాటితే 3 శాతం. దాని మీద మీ బ్యాంకు మార్కప్ (విదేశీ చెల్లింపు మీద వేసే చార్జీ) 3.5 శాతం దాకా, ఆ మార్కప్ మీద జీఎస్టీ. అందుకే హోటల్ డబ్బు ఇక్కడినుంచే కట్టెయ్యండి, చిల్లర ఖర్చులకే క్యూఆర్ వాడండి. మార్కప్ లేని కార్డు ఒకటి ముందే తీసుకుంటే ఇంకా మంచిది. ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) తీసుకుంటే అందులో యువాన్ ఉందో లేదో చూడండి. డాలర్లు వేసుకుని యువాన్లలో ఖర్చుపెడితే మార్పిడి చార్జీ మళ్లీ పడుతుంది.

బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయండి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. అలీపేలో కార్డు జోడించడం ఇక్కడే పూర్తిచేయండి. ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ కూడా పెట్టించుకోండి. ముగ్గురి దగ్గరా తలా 300 యువాన్ల నోట్లు ఉంచండి, ఫోన్ చార్జింగ్ అయిపోయిన పూట పనికొస్తాయి.