టీ వేడుకలో అమ్మ కూర్చోవలసిన కుర్చీ

ప్రశ్న: నాకు ఇరవై ఎనిమిదేళ్లు. మాది గుంటూరు జిల్లా. నా చిన్నతనంలోనే నాన్న ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. నాలుగేళ్ల క్రితం నాన్న పోయారు. ఇప్పుడు అమ్మ అంగీకారంతోనే టియోచ్యూ మాండలికం మాట్లాడే చైనీయ కుటుంబానికి చెందిన అబ్బాయిని పెళ్లి చేసుకుంటున్నాను. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడిలో మన పద్ధతిలో పెళ్లి జరుగుతుంది. కన్యాదానం బాబాయి, పిన్ని చేస్తారు. మరునాడు ఉదయం అబ్బాయి ఇంట్లోనూ, ఆ తరువాత మా ఫ్లాట్‌లోనూ టీ వేడుక, అంటే కొత్త దంపతులు కూర్చున్న పెద్దలకు టీ అందించే చైనీయ తంతు, జరగాలని వాళ్ల కోరిక. మా ఇంట్లో టీ అందుకోవడానికి అమ్మ కూర్చోనంటోంది. "శుభకార్యంలో నేను ముందుండకూడదు, పిన్నీ బాబాయీ కూర్చుంటారు, నేను వంటింట్లో ఉంటాను" అంటోంది. పెద్దమ్మ కూడా అదే సరి అంటోంది. అల్లుడి కోసం దాచిన నాన్న చేతిగడియారాన్ని సైతం బాబాయి చేత ఇప్పిస్తానంటోంది. "మీ అమ్మగారు ఎటువైపు కూర్చుంటారు?" అని అత్తగారు అడుగుతున్నారు. ఏం చెప్పను?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపినది ఆ చేతిగడియారం. పెళ్లి పనుల్లో ప్రతిచోటా పక్కకు తప్పుకుంటున్న మనిషి, అల్లుడికి ఏమివ్వాలో మాత్రం ఎవరూ అడగకముందే నిర్ణయించుకున్నారంటే, మీరిద్దరూ వంగి అందించే కప్పును తన చేతులతో అందుకోవాలన్న కోరిక ఆమెలో ఉన్నదనే నేను నమ్ముతున్నాను. తన వల్ల కూతురి కాపురానికి ఎక్కడ కీడు తగులుతుందోనన్న భయం ఆ కోరికను అణచివేస్తున్నది. దయచేసి దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తూ మాట్లాడవద్దు. నాలుగేళ్లుగా పేరంటాలకు పిలుపు రాని, పసుపు కుంకుమల పళ్లెం తన ముందు నుంచి పక్కవారికి దాటిపోతుంటే చూస్తూ కూర్చున్న స్త్రీకి ఆ భయాన్ని నేర్పినది మన చుట్టాలూ మన ఇరుగుపొరుగే కనుక, అది కూతురి వాదనతో పోయేది కాదు.

ఆమెకు చెప్పవలసినది వేరే ఉన్నది. టీ వేడుకలో పెద్దలకు స్థానం వరసను బట్టి, వయసును బట్టి వస్తుంది. జీవిత భాగస్వామి ఉన్నారా లేరా అని అక్కడ ఎవరూ లెక్క చూడరు. వెనుకటి రోజుల్లో చైనాలో తేయాకు మొక్కను గింజ నాటి పెంచవలసిందే తప్ప, పెరికి మరొకచోట నాటితే బతకదని నమ్మేవారు. అందువల్లనే అది స్థిరత్వానికి గుర్తై, పెళ్లి కుదిరినప్పుడు పంపే కానుకల్లో చేరింది. ఇప్పుడు చేసే వేడుకలో పూర్వీకుల పీఠం ఉన్న ఇంట ముందు అక్కడ అగరువత్తులు వెలిగించి, ఆ తరువాత ఒక్కొక్క పెద్దకూ రెండు చేతులతో కప్పు అందిస్తారు. కప్పు అందుకొని ఒక గుక్క తాగడమంటే, ఈ ఇద్దరినీ మా వాళ్లుగా ఒప్పుకున్నామని ఆ పెద్దలు నోరు విప్పకుండా చెప్పడం. మిమ్మల్ని పెంచిన తల్లి ఉండగా ఆ మాట ఇంకెవరు చెప్పగలరు?

ఇక్కడి టోవా పాయో పేటలోని ఒక ఫ్లాట్‌లో నేను చూసిన దృశ్యం మీ అమ్మగారికి వినిపించండి. వరుడి నాయనమ్మకు ఎనభై దాటాయి, భర్త పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో అందరికంటే పెద్ద కనుక తొలి కప్పు ఆవిడకే. పెళ్లికూతురు ఎర్రటి దిండు మీద మోకరిల్లి, వెనుక నుంచి అత్తగారు అందించిన వరస పిలుపును మెల్లగా పలికి కప్పు ముందుకు చాచింది. ఆవిడ చేతులు వణకడంతో కప్పు సాసరుకు తగిలి టకటకలాడింది. అయినా ఎవరి సాయమూ తీసుకోకుండా తాగి, అడుగున మిగిలిన ఎర్ర రేగుపండును చెంచాతో తీసుకొని తిని, ఒడిలో ఎర్రగుడ్డలో చుట్టి ఉంచుకున్న బంగారు గొలుసును ఆ పిల్ల మెడలో వేసింది. కొక్కెం పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ పని పూర్తయ్యేదాకా ఆ గదిలో ఎవరూ కదలలేదు.

ఆ పిలుపుల సంగతి కూడా మీ అమ్మగారికి నచ్చుతుంది. మనం పెదనాన్న, బాబాయి, మేనమామ అని వేరు చేసి పిలిచినట్లే వాళ్లూ చైనీయుల ప్రధాన భాష మాండరిన్‌లో బోబో, షూషూ, జియుజియు అని వేరు చేస్తారు. అందరినీ అంకుల్ అని సరిపెట్టుకోవడానికి ఆ వేడుకలో వీల్లేదు. మీ వైపువారిని పిలవవలసిన తెలుగు వరసలను అబ్బాయికి ఈ వారమే నేర్పండి. "అత్తయ్యా, టీ తీసుకోండి" అని అతడు తెలుగులో అన్నప్పుడు, వంటింట్లో ఉండిపోవడం మీ అమ్మగారికి కష్టమవుతుంది.

ఒక విషయం మాత్రం దాచకండి. పెళ్లి ముందు రాత్రి వధువుకు దీవెనలు చెబుతూ నాలుగుసార్లు తల దువ్వే తంతు చైనీయుల్లో ఉన్నది. భర్తా పిల్లలూ ఉన్న స్త్రీని, అంటే మన ముత్తైదువ వంటి ఆమెను, దానికి పిలవడం వాడుక. అది ఆ రోజు తెలిస్తే మీ అమ్మగారు మళ్లీ వెనక్కి తగ్గుతారు, మీరు చెప్పినదంతా అబద్ధమనుకుంటారు. దువ్వెన అమ్మే పట్టాలని మీ కోరిక అయితే అత్తగారికి ముందే చెప్పండి. అందుకు వారు ఇబ్బంది పడితే ఆ తంతు వదిలివేయండి.

అమ్మతో చుట్టాల ముందు గానీ, ఫోనులో గానీ మాట్లాడకండి. రాత్రి పనులన్నీ అయ్యాక ఆమె పక్కన కూర్చొని, "నేను మోకరిల్లి ఇచ్చే మొదటి కప్పు నీకే అమ్మా" అని చెప్పి, ఆమె బదులు ఇచ్చేవరకు ఆగండి. గుడిలో కన్యాదానానికి ఆమె పక్కకు జరిగారు, దాన్ని ఇప్పుడు కదపవద్దు. ఈ వేడుక మన శాస్త్రంలోనిది కాదు కనుక మన నిషేధం దీనికి అంటదని నెమ్మదిగా గుర్తు చేయవచ్చు. మీ పెద్దమ్మ ఆమెకు అక్కగారే అయితే, వయసును బట్టి అమ్మ తరువాత కప్పు ఆమెకు, ఆ పైన పిన్నికీ బాబాయికీ. తన వరస తనకు దక్కుతుందని తెలిసిన పెద్దమ్మ చేతనే "వెళ్లి కూర్చోవే" అని చెప్పించగలిగితే, మీరు వంద మాటలు చెప్పిన పని ఆ ఒక్క మాటతో అవుతుంది.

అమ్మ పక్కన రెండో కుర్చీ మీద నాన్నగారి ఫోటో ఉంచి, దాని ముందు మొదట ఒక కప్పు పెట్టండి. అది వాళ్లకు వింతగా తోచదు. టీ ఎలా కాచాలో అమ్మకే వదిలేయండి. ఎండు ఎర్ర రేగుపండ్లు, లిచీ వంటి లాంగన్ పండ్లు, తామర గింజలు వేసి పాలు లేకుండా కాస్తారు. ఆ రేగుపండు పేరు మాండరిన్‌లో 'త్వరగా' అనే మాటలా ధ్వనిస్తుంది, త్వరగా బిడ్డలు కలగాలని దీవెన. చీర విషయంలో తెలుపూ నలుపూ వాళ్లకు దుఃఖపు రంగులు కనుక, ఆమె కట్టడం మానేసిన రంగు చీరల్లో ఒకటి తీయమని అడగడానికి ఇది మంచి కారణం. బొట్టు గురించి మాత్రం పట్టుబట్టవద్దు. ఇక గడియారం: చైనీయులు కీడుగా భావించేది గోడగడియారాన్ని, బల్లగడియారాన్ని బహుమతిగా ఇవ్వడం. అలా ఇవ్వడాన్ని చెప్పే మాట అంత్యక్రియలకు సంబంధించిన మాటలా వినిపిస్తుంది. చేతిగడియారం పేరు వేరు. అయినా అబ్బాయిని ఒకమారు అడిగి, సరేనంటే అమ్మ చేతితోనే కట్టించండి.

ఇంత చెప్పినా ఆమె కూర్చోకపోతే బలవంతం చేయకండి, అలిగి వేడుక మానుకోకండి. ఆమె ఎక్కడుంటే అక్కడికే, అది వంటింటి గడప దగ్గరైనా సరే, ఇద్దరూ వెళ్లి మొదటి కప్పు ఇవ్వండి. ఆమె కుర్చీలో మాత్రం ఇంకెవరినీ కూర్చోబెట్టవద్దు. అత్తగారికి ఈ రోజే ఫోను చేసి, అమ్మ కూర్చుంటారని, పక్కన నాన్నగారి ఫోటో ఉంటుందని, ఎవరు ఎటువైపన్నది వారినే చెప్పమని అడగండి.