పొద్దున్నే బరువులెత్తబోతున్న మేనకోడలికి

చిట్టీ,

నువ్వు డెడ్‌లిఫ్ట్, అదే నేల మీంచి బరువుల బార్ ఎత్తి నిలబడే పోటీకి పేరిచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, తనకి భయం, నాకేమో ముందు బోలెడు సంతోషమేసింది, మన ఇంట్లో బార్ పట్టుకున్న మొదటిదానివి నువ్వే. తర్వాత ప్రాక్టీస్ ఎప్పుడే అనడిగితే ఐదింటికి లేచి ఐదున్నరకల్లా జిమ్‌లో ఉంటుంది అంది. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు.

బూట్లు, బెల్టు, వార్మప్, బరువు కొంచెం కొంచెంగా పెంచడం, ఇవన్నీ మీ కోచ్ చెప్తాడు, విను. నేను చెప్పేది నిద్ర లేచిన మొదటి గంట సంగతి.

రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున మనం సాయంత్రం కంటే సెంటీమీటరు పైనే పొడుగుంటాం. లేచి తిరుగుతుంటే ఆ నీళ్లు మెల్లగా బయటికి పోతాయి, రోజంతా తగ్గే ఎత్తులో దాదాపు సగం ఆ మొదటి గంటలోనే తగ్గిపోతుంది. అంతదాకా డిస్కు బిగుసుకుని ఉంటుంది, అప్పుడు నడుము వంచావా, లోపలి జెల్లీ చుట్టూ ఉన్న పొరల మీదా వెనక ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్ల మీదా లాగుడు మిగతా రోజు కంటే బాగా ఎక్కువ. నువ్వేమో సరిగ్గా ఆ టైమ్‌కే బార్ దగ్గర వంగుతున్నావు.

మీ నాన్న నడుము సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నువ్వు పుట్టకముందు ఇల్లు మారుతున్నాం, లారీ వచ్చేసిందని కేక వినపడగానే మంచం మీంచి లేచినవాడు లేచినట్టే పోయి ఇనప బీరువా అంచు కింద రెండు చేతులూ పెట్టి లేపాడు. నేను గుమ్మంలోనే ఉన్నా. మోకాళ్లు నిటారుగా, నడుము గుండ్రంగా, బీరువా ఒంటికి దూరంగా. అలా పూర్తిగా వంగిపోయినప్పుడు వీపు కండరాలు పని ఆపేస్తాయే, భారమంతా లిగమెంట్లూ డిస్కులూ మోస్తాయి. అరవలేదు కూడా పిచ్చి తమ్ముడు, బీరువా మెల్లగా దింపి అలా వంగే గోడ పట్టుకున్నాడు, ఎడమ కాలు బొటనవేలి దాకా జిల్లుమంటోందక్కా అన్నాడు.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. కదలొద్దని అందరూ చెప్పడం, వాడు వారాల తరబడి మంచానికే అతుక్కుపోవడం. నొప్పి పోయింది, బాగైపోయానని లేచి తిరిగేశాడు. కానీ వెన్నుపూసల్ని అంటిపెట్టుకుని మల్టీఫిడస్ అనే కండరం ఉంటుంది, నొప్పి వచ్చిన చోట అది సన్నబడుతుంది, నొప్పి తగ్గినంత మాత్రాన దానంతటది కోలుకోదని 1996లో ఆస్ట్రేలియాలో జూలీ హైడ్స్ అనే పరిశోధకురాలి బృందం చూపించింది. దానికి పని చెప్పి రప్పించుకోవాలి. మీ నాన్న రప్పించుకోలేదు, ఇక తుమ్మినా పట్టేసేది. చిన్నప్పుడు నువ్వు ఎత్తుకోమని చేతులు చాపితే కుర్చీలో కూర్చుని ఒళ్లోకి రమ్మనేవాడు గుర్తుందా, అది ఎత్తుకోవడం ఇష్టం లేక కాదు తల్లీ.

అలాగని బరువులు మానేయమని నేననను, మీ అమ్మ అన్నా వినకు. పెద్దవాళ్ల డిస్కుకి లోపల రక్తనాళాలుండవు, దానికి కావాల్సింది పక్క ఎముక నుంచి మెల్లగా ఇంకి రావాల్సిందే, కదలకుండా పడుకుంటే దానికి ఒరిగేదేం లేదు. బరువు ఎలా పట్టుకున్నావన్నదే లెక్క. 1999లో జర్మనీలో విల్కే అనే పరిశోధకుడి బృందం ఒక మనిషి డిస్కులోనే సెన్సర్ పెట్టి లోపలి ఒత్తిడి కొలిచింది, నిలబడితే 0.5 మెగాపాస్కల్, 20 కిలోలు గుండ్రటి నడుముతో ఎత్తితే 2.3, అదే 20 కిలోలు ఒంటికి దగ్గరగా పట్టుకుని నిలబడితే 1.1. బార్ నీ కాళ్లని రాసుకుంటూ పైకి రావాలి అనేది ఇందుకే.

కాబట్టి సాయంత్రానికి మార్చుకో. కుదరకపోతే ఇంకా ముందు లేచి గంటసేపు నిలబడి, నడిచి, ఆ తర్వాతే బార్ ముట్టుకో. ఆఫీసులో వంగి కూర్చుని కూర్చుని నేరుగా బార్ దగ్గరికి పోవడం కూడా ప్రమాదమే, లిగమెంట్లు సాగి ఉంటాయి, కాసేపు తిరుగు. ఎత్తేముందు పొట్ట లోపలికి లాక్కోకు, ఎవరో గుద్దబోతున్నట్టు చుట్టూ బిగించు, పక్కలూ వీపూ కూడా. సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్లు నిటారుగా ఆపడం), బర్డ్ డాగ్ (చేతులూ మోకాళ్ల మీద ఉండి ఒక చెయ్యీ, దానికి ఎదురు పక్క కాలూ చాపడం) పదేసి సెకన్లు ఆపి చెయ్యి, బోరు కొట్టినా చెయ్యి.

రేపెప్పుడైనా ఎంఆర్ఐ తీసి డిస్కు అరిగిందంటే బెంబేలు పడకు, ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి అలా కనపడిందని 2015లో లెక్క తేల్చారు. కానీ ఒంటేలు పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి పో, నాకు ఫోన్ తర్వాత చేద్దువుగాని.

వీడియో పంపు. పక్క నుంచి తియ్యమను, ముందు నుంచి తీస్తే నాకు నడుము కనపడదు.

నీ అత్త