చిన్నపిల్లలతో తొలి విదేశీ ప్రయాణం: మూడు దేశాలు వద్దు, ఒక్క ఊరు చాలు

నాలుగేళ్ల బాబు, ఏడాదిన్నర పాపతో దసరా సెలవుల్లో హైదరాబాదు నుంచి తొలిసారి విదేశానికి వెళ్లాలనుకుంటున్నామని, సింగపూరు, మలేసియా, థాయ్‌లాండ్ మూడింటినీ వారం రోజుల్లో చూపించే ప్యాకేజీ ఒకటి నచ్చిందని, అయితే "పిల్లలకు ఏమీ గుర్తుండదు, ఇప్పుడెందుకు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని మీరు రాశారు. మా పిల్లలిద్దరూ ఇంచుమించు ఆ వయసులో ఉన్నప్పుడే మేము సింగపూరు వెళ్లాము. తర్వాత కొలంబో, దుబాయ్ కూడా చూసి వచ్చాము. ఆ అనుభవంతో చెబుతున్నాను: తప్పకుండా వెళ్లండి, కానీ ఆ ప్యాకేజీ తీసుకోవద్దు. ఒకే దేశం, ఒకే ఊరు, వీలైతే మొదటి రాత్రి నుంచి చివరి రాత్రి వరకు ఒకే గది పెట్టుకోండి.

దేశం మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దడం, గది ఖాళీ చేయడం, రెండు మూడు గంటల ముందే విమానాశ్రయం చేరడం, అటు ఇమిగ్రేషన్ వరుసలో నిలబడడం, మళ్లీ కొత్త గదిలో పిల్లలను పడుకోబెట్టడం, వీటన్నిటితో ఒక రోజు పూర్తిగా పోతుంది. పెద్దవాళ్లు ఆ రోజును ఎలాగో భరిస్తారు. ఏడాదిన్నర పాపకు మాత్రం కొత్త చోట నిద్ర కుదరడానికే ఒకటి రెండు రాత్రులు పడుతుంది; కుదిరిందనుకునేసరికి ఆ గది ఖాళీ చేయవలసి వస్తే, తర్వాతి రోజంతా ఆమె ఏడుపే మీ పర్యటన అవుతుంది. అలాంటి ప్యాకేజీల్లో ఉదయం ఎనిమిదింటికల్లా బస్సు బయలుదేరుతుంది, ఒక్కో చోట ఇంత సమయమని ముందే లెక్క కట్టి ఉంటుంది, అందులో పాప మధ్యాహ్నపు నిద్రకు చోటు ఉండదు. నా దృష్టిలో ఈ వయసు పిల్లలతో ప్రయాణంలో మొదట తేల్చుకోవలసింది ఏమేమి చూడాలన్నది కాదు; పిల్లలు ఎప్పుడు నిద్రపోతారు, ఎప్పుడు తింటారు అన్నది. చూడవలసినవి దాని చుట్టూ సర్దుకుంటాయి.

ఊరు ఎంచుకునేటప్పుడు విమానంలో ఎంతసేపు కూర్చోవాలన్నదానితో పాటు గడియారం ఎంత మారుతుందో కూడా చూడండి. కొలంబో సుమారు రెండు గంటల ప్రయాణం, సమయం మనదే. దుబాయ్ దాదాపు నాలుగు గంటలు, అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక. సింగపూరు నాలుగున్నర గంటలు, గడియారం రెండున్నర గంటలు ముందు. దుబాయ్‌లో మా పిల్లలు తెల్లవారకముందే లేచి కూర్చునేవారు. ఆ వేళ ఎక్కడికీ తీసుకెళ్లలేము. సింగపూరులో దీనికి పూర్తిగా విరుద్ధం. మేము వాళ్లను అక్కడి సమయానికి మార్చే ప్రయత్నమే చేయలేదు. ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి పడుకునే పిల్లలు అక్కడ పదకొండున్నరకు పడుకునేవారు, ఉదయం తొమ్మిది దాటాక లేచేవారు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఊరు కాబట్టి అక్కడ ఏడాది పొడవునా సాయంత్రం ఏడింటి ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. ఎండ తగ్గాక పిల్లలకు ఇంకా నాలుగు గంటల హుషారు మిగిలి ఉండేది. గార్డెన్స్ బై ది బే అనే పెద్ద తోటలో రాత్రి 7.45కు, 8.45కు సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన నిర్మాణాల) మీద జరిగే ఉచిత దీపాల ప్రదర్శనను మావాళ్లు కునికిపాట్లు పడకుండా చూడగలిగారంటే అదే కారణం. పైగా మన దసరా, దీపావళి రోజుల్లో సెరంగూన్ రోడ్డు పొడవునా, భారతీయుల పేట అయిన లిటిల్ ఇండియాలో దీపాలంకరణ ఉంటుంది. అందుకే మీ తొలి ప్రయాణానికి సింగపూరునే ఎంచుకోమంటాను.

కాగితాల పని ఈ రోజే మొదలుపెట్టండి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లల పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. మన దగ్గర చాలా జననాలు పాప పేరు లేకుండానే నమోదవుతాయి కాబట్టి మీ దగ్గరున్న పత్రంలో పేరు ఉందో లేదో ముందు చూసుకోండి. ఏడాది దాటితే ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవాలి. ఇంటిపేరు విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు, ఇంటిపేరును పూర్తిగా రాయాలి. తల్లిదండ్రుల పాస్‌పోర్టుల్లో ఉన్న అక్షరక్రమమే పిల్లల పత్రాల్లోనూ ఉంటే వీసా దగ్గర ప్రశ్నలు తగ్గుతాయి. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్సర్-డి (పిల్లల పాస్‌పోర్టుకు సమ్మతి తెలిపే పత్రం) కావాలి, నాలుగేళ్లలోపు పిల్లలకు తెల్లని నేపథ్యంతో తీసిన ఫోటో మనమే తీసుకెళ్లాలి. మేము బేగంపేట పాస్‌పోర్టు సేవా కేంద్రానికి పిల్లలు నిద్ర లేచి తిన్న వెంటనే చేరేలా సమయం తీసుకున్నాము, పని ప్రశాంతంగా అయిపోయింది. పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్లకే ముగుస్తుందని, ప్రయాణం నాటికి ఇంకా 6 నెలల గడువు ఉండాలని గుర్తుంచుకోండి. సింగపూరుకు వీసా సాధారణంగా అధీకృత ఏజెంట్ల ద్వారా వస్తుంది; అది కాక, చేరడానికి ముందు 3 రోజుల్లోగా ప్రతి ఒక్కరి పేరుమీదా, చంటిపాప పేరుమీద కూడా, ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు (ఆ దేశానికి వస్తున్నట్టు తెలిపే పత్రం) నింపాలి. దానికి రుసుము లేదు.

టికెట్టు సంగతి: రెండేళ్లు నిండని పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లవచ్చు. ప్రయాణం మధ్యలో పాపకు రెండేళ్లు నిండితే మాత్రం తిరుగు ప్రయాణానికి విడిగా సీటు కొనాలి. చాలామంది వెళ్లే తేదీనే చూస్తారు, వచ్చే తేదీని చూడరు. ముందు గోడకు బిగించే ఉయ్యాల కావాలంటే టికెట్టు కొన్న రోజే అడగండి. అవి కొన్నే ఉంటాయి, బరువు పరిమితి ఒక్కో విమానసంస్థకు ఒక్కో రకంగా ఉంటుంది, ఏడాదిన్నర పాప ఆ పరిమితి దాటి ఉండవచ్చు.

విమానంలో పిల్లలు ఎక్కువగా ఏడ్చేది దిగేటప్పుడు. చెవి లోపలి నుంచి గొంతు వెనక్కి వెళ్లే గొట్టం చిన్నపిల్లల్లో సన్నగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి క్యాబిన్‌లో పీడనం పెరిగే కొద్దీ చెవిలో నొప్పి పుడుతుంది. చప్పరించడం, మింగడం వల్ల ఆ గొట్టం తెరుచుకుంటుంది. అందుకే విమానం నేల తాకడానికి అరగంట ముందే, కిందికి దిగడం మొదలవుతుండగానే, నిద్రపోతున్న పాపను కూడా మెల్లగా లేపి పాలు పట్టండి. బాబుకు ఒక్కో గుక్కగా నీళ్లు ఇవ్వండి. చాలామంది పైకి లేచేటప్పుడే పాలు పట్టేసి, దిగే వేళకు సీసా ఖాళీ చేసి కూర్చుంటారు. పాప పాలు, ఆహారం ప్రయాణానికి సరిపడినంత మేరకు, చేతిసంచిలో ద్రవాలకున్న 100 మిల్లీలీటర్ల నియమం నుంచి మినహాయింపు ఉంది, శంషాబాద్‌లో తనిఖీ దగ్గర వాటిని విడిగా తీసి చూపిస్తే సరిపోతుంది. జలుబు ఎక్కువగా ఉన్నా, చెవిపోటు ఉన్నా బయలుదేరే ముందు పిల్లల డాక్టరుకు చూపించకుండా విమానం ఎక్కించవద్దు.

బస గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజంతా ఎలా గడుస్తుందో దాన్నిబట్టే ఉంటుంది. మాకు వంటగది ఉన్న చోటు కావాలనిపించింది, మీకూ అనిపిస్తుంది. అయితే సింగపూరులో ప్రైవేటు ఇళ్లను 3 నెలల కంటే తక్కువ కాలానికి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం; తక్కువ ధరకు ఎక్కడైనా ఫ్లాటు కనిపిస్తే ఆశపడవద్దు, లైసెన్సు ఉన్న హోటల్లోనే చిన్న వంటగది, ఫ్రిజ్ ఉన్న గది వెతకండి. గది పెద్దదా చిన్నదా అన్నదానికంటే మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లగలమా లేదా అన్నది ముఖ్యం. అక్కడి మెట్రోలో లిఫ్టులు ఉంటాయి, స్ట్రోలర్‌ను (పిల్లల తోపుడుబండిని) మడవకుండానే తోసుకుంటూ వెళ్లిపోవచ్చు, 90 సెంటీమీటర్ల ఎత్తులోపు పిల్లలు పెద్దల వెంట ఉచితంగా ప్రయాణిస్తారు. రైల్లో తినడం, తాగడం నిషేధం, జరిమానా 500 సింగపూరు డాలర్ల వరకు ఉంటుంది, కాబట్టి బిస్కట్టు అయినా సరే ప్లాట్‌ఫారానికి వెళ్లకముందే పెట్టేయండి. కారులో వెళ్తే 1.35 మీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. మామూలు టాక్సీలకు ఈ నియమం వర్తించదు గానీ, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకు వర్తిస్తుంది.

తిండికి భయపడవలసిన పనిలేదు. లిటిల్ ఇండియాలో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో ఇడ్లీ, దోశ, పెరుగన్నం దొరుకుతాయి. బియ్యం, పప్పు, పెరుగు, కరివేపాకు ఆ చుట్టుపక్కల దుకాణాల్లోనే కొనుక్కోవచ్చు. ఇంటి నుంచి మేము ఉగ్గుపొడి, అటుకులు, కందిపొడి, చిన్న డబ్బాలో నెయ్యి తీసుకెళ్లాము. నూనె తేలే ఆవకాయ తనిఖీలో ఆగకుండా పెద్ద పెట్టెలో పెట్టాము. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: గసగసాలు, గసగసాలు కలిపిన మసాలా పొడులు సింగపూరుకు గానీ దుబాయ్‌కి గానీ తీసుకెళ్లవద్దు. మన వంటింట్లో అవి మామూలు దినుసే అయినా ఆ రెండు దేశాల్లో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. అమ్మమ్మలు, నానమ్మలు ప్రేమతో కట్టిచ్చే కూరపొడుల్లో ఏముందో అడిగి తెలుసుకున్నాకే పెట్టెలో పెట్టండి. సింగపూరుకు చూయింగ్ గమ్ కూడా వద్దు.

రోజుకు ఒక్క చోటు పెట్టుకోండి. మండాయిలోని జంతుప్రదర్శనశాలలో చాలా జంతువులకు ఇనుప ఊచల బోనులు ఉండవు, నీటి కందకాలే అడ్డు. ఒరాంగుటాన్లు తలపైన కొమ్మల్లో తిరుగుతుంటే మా బాబు అక్కడి నుంచి కదలనన్నాడు, మేమూ కదిలించలేదు, ఆ పూట అక్కడే గడిచిపోయింది. గార్డెన్స్ బై ది బేలోని పిల్లల తోటలో నీళ్ల ఆటలకు రుసుము లేదు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు ఉంటే చాలు. 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన బొటానిక్ గార్డెన్స్‌లో జేకబ్ బాలస్ పిల్లల తోట అని ఒకటి ఉంది; దానిలోకి పెద్దవాళ్లను పిల్లలు వెంట ఉంటేనే రానిస్తారు. ఆ నియమం నాకెంతో నచ్చింది. యూనివర్సల్ స్టూడియోస్‌లో చాలా రైడ్లకు ఎత్తు నిబంధన ఉంది, మీ బాబు పెద్దయ్యాక చూద్దురుగాని. అక్టోబరులో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడడం మామూలే కాబట్టి ఆ వేళ గదిలో నిద్రకు కేటాయించండి.

బయలుదేరే ముందు ఒక ఆదివారం స్ట్రోలర్‌తో సహా మన నెహ్రూ జంతుప్రదర్శనశాలకు వెళ్లి రండి. బాబు ఎంతదూరం నడుస్తాడు, ఎక్కడ ఎత్తుకోమంటాడు, పాప స్ట్రోలర్‌లో నిద్రపోతుందా, సంచిలో ఏది మరిచారు, ఇవన్నీ ఆ ఒక్క పూటలోనే తెలిసిపోతాయి. అక్కడ అలసిన సమయమే విదేశంలోనూ మీ హద్దు.

ఆరోగ్యం విషయంలో పిల్లల బరువు చూయించి జ్వరం మందు మోతాదు డాక్టరు చేత రాయించుకోండి, మందులను అసలు డబ్బాలతో, చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు, దోమల మందు మరవవద్దు, సింగపూరులోనూ డెంగీ ఉంది. అక్కడి కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు. అక్కడున్నప్పుడు మా పాపకు జ్వరం వచ్చింది. హోటలుకు దగ్గరలోని క్లినిక్‌కు తీసుకెళ్లి చూపించాము, రసీదులు దాచి ప్రయాణ బీమా నుంచి డబ్బు తిరిగి తీసుకున్నాము, ఆ రెండు రోజులూ గదిలోనే ఉన్నాము. మూడు దేశాల ప్యాకేజీలో ఉంటే ఆ జ్వరంతోనే పాపను ఇంకో విమానం ఎక్కించవలసి వచ్చేది. రోజూ ఉదయం బయటికి వెళ్లేముందు ఆ రోజు బట్టల్లో పిల్లలిద్దరికీ ఒక ఫోటో తీయండి, మీ ఫోను నంబరు రాసిన కాగితం వాళ్ల జేబులో పెట్టండి. తప్పిపోతే ఆ ఫోటోనే ముందు పనికొస్తుంది.

ఇక ఇంట్లో పెద్దవాళ్ల మాట. మూడేళ్లలోపు జరిగినవి పెద్దయ్యాక మనిషికి సాధారణంగా గుర్తుండవన్నది నిజమే, మీ పాపకు ఈ ప్రయాణం గుర్తుండదు. బాబుకు కొన్ని ముక్కలు మిగలవచ్చు. అయినా ఆ వయసులో పిల్లవాడు గుర్తుంచుకోవడానికి మాత్రమే చూడడు. మా బాబు నీళ్ల ఆటల దగ్గర ఒక చీనా పిల్లవాడితో, ఒకరి భాష ఒకరికి రాకుండానే, సాయంత్రం వరకు ఆడాడు. అంతకుముందు కొత్తవాళ్లను చూస్తే మా వెనక దాక్కునేవాడు. పెద్దల అభ్యంతరం వెనక ఉన్నది పిల్లల ఆరోగ్యం గురించిన దిగులే కాబట్టి, వీలుంటే మీ అత్తగారినో అమ్మగారినో కూడా వెంట తీసుకెళ్లండి. మా అత్తయ్యగారు మాతో వచ్చారు. మధ్యాహ్నం పాపను పక్కన పడుకోబెట్టుకుని ఆవిడా విశ్రాంతి తీసుకునేవారు, మేము బాబును తీసుకుని బయటికి వెళ్లేవాళ్లం. సాయంత్రం అందరం కలిసి తిరిగేవాళ్లం. సెరంగూన్ రోడ్డులోని శ్రీ వీరమాకాళియమ్మన్ గుడికి వెళ్లిన సాయంత్రం ఆవిడకు ఎంతో తృప్తినిచ్చింది.

దసరా సెలవుల్లో ఛార్జీలు పెరుగుతాయి, అందుకని పాస్‌పోర్టులు చేతికి రాగానే తేదీలు ఖాయం చేసుకోండి. అప్పటికి కాగితాలు సిద్ధం కాకపోతే తొందరపడకుండా సంక్రాంతి సెలవులకు మార్చుకుని కొలంబో వెళ్లండి. డిసెంబరు నుంచి మార్చి వరకు ఆ తీరంలో వాతావరణం బాగుంటుంది, సమయభేదం లేదు కాబట్టి పాప నిద్ర వేళలూ మారవు. మీ పాపకు రెండేళ్లు ఏ నెలలో నిండుతాయో రాస్తే, టికెట్టు విషయంలో ఏ తేదీలు మీకు లాభమో చూసి చెబుతాను.