మిడ్‌వైఫ్ కావడానికి 18 నెలల శిక్షణ సరిపోతుందా? మా చెల్లెలు చేరదామనుకుంటోంది

సరిపోదు. ఆ శిక్షణ చేసినదాన్నే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా. కేంద్రం 2018లో మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది గానీ, తెలంగాణలో 2017లోనే స్టాఫ్ నర్సులకు ఈ కోర్సు మొదలుపెట్టారు. కోర్సు మంచిదే. రక్తస్రావమైతే వెంటనే ఏం చేయాలో, బిడ్డ ఏడవకపోతే ఏం చేయాలో అన్నీ నేర్పుతారు. కానీ ఎంతసేపు ఆగొచ్చో, ఎక్కడ ఆగకూడదో పక్కన ఒక మనిషి ఉండి చూపిస్తేనే తెలుస్తుంది.

ఒక నైట్ డ్యూటీలో తొలి కాన్పు అమ్మాయికి గర్భసంచి మూతి ఏడు సెంటీమీటర్లు తెరుచుకుని అక్కడే ఆగిపోయింది. నడుం విరిగిపోతోందని ఒకటే ఏడుపు. బయట అత్తగారు, "ఇంకెంతసేపు సిస్టరమ్మా, ఆపరేషన్ చేసెయ్యండి" అని తలుపు కొడుతోంది. మా సీనియర్ అక్క వచ్చి పొట్ట మీద చెయ్యి వేసింది. బొడ్డు దగ్గర పల్లంగా ఉంది, గుండె చప్పుడేమో బాగా పక్కకు వినిపిస్తోంది. "బిడ్డ వీపు తల్లి వెన్ను వైపు ఉందే, అందుకే ఆ నడుం నొప్పి" అంది. డాక్టర్‌గారికి ఫోన్‌లో చెప్పి, అమ్మాయిని టేబుల్ దింపి, మంచం పట్టుకుని ముందుకు వంగి నడుం ఊపమంది. నా చేతులు పట్టుకుని నడుం మీద ఎక్కడ నొక్కాలో చూపించింది. "ప్రతి నొప్పి తర్వాత గుండె చప్పుడు విను. అది తగ్గితే ఒక్క నిమిషం కూడా ఆగం. బాగుందా, మనకేం తొందర లేదు." తెల్లవారేలోపు బిడ్డ తిరిగింది, మామూలు కాన్పే అయింది.

అక్కకో అలవాటుంది. ప్రతి కాన్పు తర్వాత టీ తాగుతూ కేసంతా మళ్లీ చెప్పించేది. ముందు ఏం చూశావు, ఎందుకు ఆగావు, ఏం కనిపిస్తే డాక్టర్ని పిలిచేదానివి? నాకొచ్చిన పనిలో సగం ఆ టీ దగ్గర వచ్చిందే. గంటకో సెంటీమీటర్ తెరుచుకోలేదని కంగారుపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మా అక్క అంతకు చాలా ముందునుంచే చెబుతోంది, ఎవరు విన్నారు?

రిజిస్టర్‌లో ఆపరేషన్‌కి గడి ఉంటుంది, తప్పించిన ఆపరేషన్‌కి ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటులో 81.5 శాతం. ముహూర్తం చూసుకుని కోయించుకునే వాళ్ల సంగతి మొదలుపెడితే ఈ జవాబు అవ్వదు. ఇంకో ఘోరం, ఇంత శిక్షణ ఇచ్చి మనిషిని తీసుకెళ్లి జనరల్ వార్డులో ఇంజెక్షన్లు చేయడానికి వేస్తారు. ఏడాది లేబర్ రూమ్ మొహం చూడకపోతే చేతికి ఏం గుర్తుంటుంది?

మీ చెల్లెల్ని చేరమనండి. పోస్టింగ్ మాత్రం కాన్పులు ఎక్కువయ్యే చోటే అడగమనండి. ప్రశ్నలడిగితే విసుక్కోని సీనియర్ అక్కడ ఉందో లేదో కూడా ముందే కనుక్కోమనండి. జీతం సంగతి తర్వాత.