ట్రైలర్ హిచ్ బిగించే ముందు మేనల్లుడికి నాలుగు మాటలు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ట్రైలర్ కొన్నావనీ, మార్చి సెలవుల్లో అందరూ కలిసి డాలస్ నుంచి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు వెళ్తున్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించి, దాని బరువును అన్ని చక్రాలకూ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌ను దుకాణం వాళ్ళే బిగించి ఇచ్చారట. అంతటితో పని అయిపోయిందనుకోకు. వాళ్ళు బిగించింది ఖాళీ ట్రైలర్‌కు. నువ్వు లాక్కెళ్ళేది గ్యాస్ సిలిండర్లు, నీళ్ళు, బియ్యం, దుప్పట్లతో నిండిన ట్రైలర్‌ను.

ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ మీద, అంటే ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనుప గుండు మీద పడాలి. అంతకంటే తగ్గితే దారిలో ట్రైలర్ తోక ఊపుతుంది. నిండుగా 6,000 పౌండ్లు ఉందనుకో, బాల్ మీద సుమారు 750 పౌండ్లు కూర్చుంటాయి. ఆ బరువుకు ట్రక్కు వెనక భాగం కుంగి, ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది. ఎడ్లబండిలో వెనక బస్తాలు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద నుంచి లేస్తుంది చూడు, ఇదీ అంతే. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ చెప్పిన మాట వినదు, బ్రేకులూ సరిగ్గా పట్టవు. ఆ బరువులో కొంత తిరిగి ముందు చక్రాలకు, మరికొంత ట్రైలర్ చక్రాలకు పంపడమే హిచ్ నుంచి ట్రైలర్ చట్రానికి గొలుసులతో బిగించే ఆ స్ప్రింగ్ బార్ల (ఉక్కు కడ్డీల) పని. అందుకని ట్రక్కు వెనక భాగం ఎంత లేచిందని చూడకు. ముందు భాగం ఎంత దిగిందో చూడు.

చదునైన చోట, ప్రయాణానికి సర్దినట్టే సామానంతా సర్ది కొలతలు మొదలుపెట్టు. ట్రైలర్ తగిలించకముందు, ట్రక్కు ముందు చక్రం మీదుగా నేల నుంచి ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) అంచు దాకా టేపుతో కొలువు. 36 అంగుళాలు వచ్చిందనుకో. బార్లు లేకుండా ట్రైలర్ తగిలించి మళ్ళీ కొలువు. 37న్నర అయితే, ముందు భాగం అంగుళంన్నర లేచినట్టు. బార్లు వేశాక అందులో ఎంత వెనక్కి రావాలో నీ ట్రక్కు మాన్యువల్‌లో ఉంటుంది. సగం అని ఉంటే 36 ముప్పావు దగ్గర ఆగాలి. పూర్తిగా రావాలంటే 36. మొదటి కొలత కంటే కిందికి మాత్రం ఎప్పుడూ దించకు. వెనక చక్రాలు తేలికై, తడి రోడ్డు మీద ట్రక్కు వెనక భాగం పక్కకు జారుతుంది.

లెక్క కుదరకపోతే బార్ల గొలుసు ఒక లింకు మార్చి చూడు. అదీ చాలకపోతే బాల్ ఉండే హిచ్ తలను ట్రైలర్ వైపు మరికాస్త వంచాలి. బోల్టులు మాత్రం మాన్యువల్‌లో చెప్పిన లెక్కకు, ఎంత బిగువు పడిందో చూపే టార్క్ రెంచ్‌తోనే బిగించు. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. చివరికి ట్రైలర్ కూడా నేలకు సమంగా నిలబడాలి, ముక్కు పైకెత్తి ఉండకూడదు.

బార్లు తగిలించేటప్పుడు చాలా జాగ్రత్త నాయనా. కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు) లాక్ వేసి, పిన్ను పెట్టి, జాక్‌తో ట్రైలర్ ముందు భాగాన్ని ఎత్తు. ట్రక్కు వెనక భాగం కూడా దానితో పాటు లేస్తే లాక్ సరిగ్గా పడినట్టు. అలాగే ఇంకొన్ని అంగుళాలు ఎత్తితే బార్లు తేలిగ్గా ఎక్కుతాయి. బలం పెట్టాల్సి వస్తోందంటే ఇంకా ఎత్తాలన్నమాట. ఊడదీసేటప్పుడూ అంతే. బిగువు మీదున్న బార్ పిడి చెయ్యి జారిందంటే ఎముక విరగ్గొడుతుంది. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకు.

ఇంకో సంగతి. ఈ హిచ్ ట్రక్కు మోయగలిగే బరువును పెంచదు. డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ చూడు. అందులో 1,500 పౌండ్లని ఉంటే, బాల్ మీద బరువు 750, హిచ్ సొంత బరువు ఓ వంద పోగా మిగిలేది 650. నువ్వు, అమ్మాయి, పిల్లలు, మీ అమ్మానాన్నలు, ట్రక్కులో సామాను అందులోనే ఇమడాలి. ఇమడకపోతే మీ అమ్మానాన్నలను ఇంకో కారులో తీసుకురండి. మొహమాటపడే విషయం కాదిది.

బయల్దేరే ముందు రోజు హైవే మీద ట్రక్ స్టాప్‌లోని తూకం దగ్గరికి వెళ్ళు. బార్లతో ఒకసారి, బార్లు తీసి ఒకసారి, ట్రక్కు ఒక్కటే ఒకసారి తూయించు. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసుల బరువులు విడివిడిగా వస్తాయి. టేపు చెప్పింది నిజమో కాదో అక్కడ తేలిపోతుంది. ఆ మూడు చీటీలూ ఫోటో తీసి ఆ రాత్రికే నాకు పంపు. నేను చూసి చెప్పాకే బయల్దేరు.

మీ మామయ్య